రాతి మీద ఎక్కిన లెక్క

ప్రత్తిపాడు నుంచి తూర్పుపాలెం వచ్చే దారిలో హైస్కూలు ఉంది. ఆ బడి ముందు నిలబడి బిందుమాధవి ఎవరని ఎవరినైనా అడగండి. అడిగినవాడికి ముందు కుర్చీ వేస్తారు, తర్వాత చెబుతారు. 1994లో పదో తరగతి పరీక్షలో ఆరు వందలకు అయిదు వందల నలభై ఒకటి, మండలం ఫస్టు. ఆ ఏడు పత్తికి పురుగు పడి ఊరంతా తల పట్టుకుని కూర్చుంటే, ఆ పిల్ల మార్కుల కాగితం చూసుకునే జనం నవ్వారు. గుంటూరులో ఇంటరు, బీఎస్సీ, రెండింట్లోనూ లెక్కల్లో నూటికి నూరు. హైదరాబాదులో ఎమ్మెస్సీ, ఆ వెంటే ఏడేళ్ల పరిశోధన. చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్లలో ఫిజిక్సులో డాక్టరేటు తెచ్చుకున్న మొదటి మనిషి, ఆడా మగా కలిపి చెబుతున్న మాట. ఆమె రాసిన వ్యాసాలు రెండు విదేశీ పత్రికల్లో అచ్చయ్యాయి. ఇతర దేశాల శాస్త్రవేత్తలు నూట పన్నెండు సార్లు తమ రాతల్లో వాటిని ప్రస్తావించారు. ఈ నూట పన్నెండు అన్న అంకె తూర్పుపాలెంలో పాలు పోసేవాడికి కూడా తెలుసు.

ఊరికి తెలియనిదల్లా ఆ చివరి పదిహేడు ప్రస్తావనల్లో ఏం రాశారన్నది. అది బిందుమాధవి ఒక్కతెకే తెలుసు.

ఆరేళ్ల వయసుకే తల్లీ తండ్రీ పోతే ఆమెను పెంచింది పెదనాన్న అంకమ్మరావు, పెద్దమ్మ రాజ్యం. వాళ్లకు పిల్లలు లేరు. రాజ్యమ్మకు సంతకం కూడా రాదు కానీ, ఈ పిల్ల చదువుకుంటుంటే వంటింట్లో గిన్నె చప్పుడు కానిచ్చేది కాదు. గుంటూరు హాస్టలుకు వారం వారం పచ్చడి జాడీ పట్టుకుని బస్సులో నిలబడి వెళ్లిన మనిషి. ఇప్పుడు బిందుమాధవికి నలభై అయిదు. దర్శిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. నెలకు ఒకసారి తూర్పుపాలెం వచ్చి పెదనాన్నను చూసి వెళుతుంది.

ఆమె ఏం పరిశోధన చేసిందో ఊరికి అర్థమైన రోజు ఒకటుంది. డాక్టరేటు వచ్చిన ఏడాది, మాఘమాసం. మిరపకాయ కల్లాల్లో ఎర్రగా పరిచి ఉంది. గురవమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు కూర్చుని రంగు పోయిన తాలు కాయ ఏరుతున్నారు. అంకమ్మరావు, ఆయనతో చిన్నప్పటి నుంచీ పడీ పడని బుల్లయ్య గట్టు మీద కూర్చున్నారు.

"ఏమ్మా బిందూ, విశ్వం మీద చదివావంటగా. మా నాయన పోయి ఏ నక్షత్రం అయ్యాడో కాస్త చూసి చెప్పు" అన్నాడు బుల్లయ్య.

"వాడు నక్షత్రం కూడానా! నీ అప్పులోళ్ల నుంచి దాక్కుని ఏ చీకట్లోనో ఉంటాడు" అన్నాడు అంకమ్మరావు.

బిందుమాధవి నవ్వి కల్లం గట్టున కూర్చుంది. "బుల్లయ్య బాబాయ్, ఒకటి అడుగుతా చెప్పు. ప్రత్తిపాడులో ఒక కల్లం ఉంది. దర్శిలో ఒక కల్లం ఉంది. రెండింటి మధ్యా రాకపోకల్లేవు. ఇక్కడి కాయ ఎంత ఎండిందో, అక్కడి కాయా సరిగ్గా అంతే ఎండింది. లక్ష కాయల్లో ఒక్క కాయ తేడా. ఎట్టా కుదిరింది?"

బుల్లయ్య మీసం దువ్వుకున్నాడు. "ఎండ ఒకటేగా."

"ఎండ ఇంకా అంతదూరం పోలేదు బాబాయ్. ఈ కల్లం మీద పడ్డ ఎండ ఆ కల్లానికి చేరేంత పొద్దు కూడా గడవలేదు."

చేతిలో కాయ ఊపి గింజ గలగల వింటున్న గురవమ్మ తల ఎత్తకుండానే అంది: "అందులో ఏముందమ్మా. ముందు అంతా ఒకే రాశి. ఒకచోటే మగ్గింది. ఆనక ఎవరో రెండుచోట్లా పరిచారు."

బిందుమాధవి గురవమ్మ వైపు తిరిగి కూర్చుంది. ఏడేళ్లు చదివిన చదువులో మొదటి అధ్యాయం అది. ఆకాశంలో ఈ కొసన కనిపించే పాత వెలుగు, ఆ కొసన కనిపించే పాత వెలుగు ఎన్నడూ కలుసుకోలేదు. అయినా రెండూ ఒకే వేడిలో ఉన్నాయి. కనుక మొదట అంతా ఆవగింజలో వెయ్యో వంతు కూడా లేని ఒకే చోట ఉండి, కన్ను మూసి తెరిచే లోపల కాదు, అందులో కోటానుకోట్ల వంతులో ఒక్కసారిగా ఉబ్బి విచ్చుకుంది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు చెబుతున్నది అదే.

"పరిచిందెవరమ్మా మరి?" అంది గురవమ్మ.

"ఆ పరిచిన చెయ్యి ఎట్టాంటిదో కనుక్కోడమే నా పని గురవమ్మా" అంది బిందుమాధవి.

మిగతాది ఆమె చేటలో కాయ పోసి చూపించింది. ఆ ఉబ్బుకు కారణమైన శక్తి ఒక వాలు మీద మెల్లగా జారుతూ వచ్చిందని లెక్క. వాలు ఏ ఆకారంలో ఉందన్నది ఎవరూ చూడలేదు. అందుకని ఒక్కో శాస్త్రవేత్త ఒక్కో వాలు ఊహిస్తాడు. ఒకరిది బల్లపరుపు మెట్ట, కొసకు వచ్చాకే జారుతుంది. ఒకరిది మూకుడు లాంటి గుంట, అంచు నుంచి అడుక్కి. ఊహించి వదిలేస్తే సరిపోదు. ఆ వాలు అయితే ఆకాశపు పాత వెలుగులో ఏ గుర్తు మిగలాలో అంకెతో సహా చెప్పాలి. బిందుమాధవిది మూకుడు. మూకుడు చాలామందిదే, కానీ అంచు దగ్గర ఆమె పెట్టిన చిన్న వంపు ఆమె సొంతం. అలాగైతే వెలుగులో సుడి తిరిగినట్టు ఒక సన్నటి మెలిక ఉండాలి, దాని బలం సున్నా పాయింటు ఒకటి నాలుగు ఉండాలి అని ఆమె లెక్క తేల్చింది. ఆ రోజు నుంచి ఊళ్లో దాని పేరు 'మూకుడు లెక్క'.

2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గర మంచు మీద పెట్టిన టెలిస్కోపు వాళ్లు ఆ మెలిక కనిపించిందని ప్రకటించారు. సున్నా పాయింటు రెండు, కాస్త అటూ ఇటూగా అన్నారు. బల్లపరుపు మెట్టలకు అంత రాదు. మూకుడుకే వస్తుంది. బిందుమాధవి ఆ వార్త కాలేజీ స్టాఫ్ రూములో చదివింది. చదివి లేచి నిలబడింది. ఎక్కడికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చుంది. తర్వాత ఫోను తీసి పెదనాన్నకు చేసింది.

"పెదనాన్నా, నా లెక్క నిజమైంది."

ఆ మాట అన్నది ఆమే. ఎవరూ ఆమె నోట పెట్టలేదు. తర్వాత పదేళ్లు ఆమెను తిన్నది ఆ ఒక్క మాటే.

అంతకు ముందు జూన్‌లో రాజ్యమ్మ పోయింది. ఆమె పేరున బడికి ఒక సైన్సు గది కట్టిస్తున్నాడు అంకమ్మరావు. గోడలు లేచాయి, స్లాబు పడింది. చీమకుర్తి నల్లరాయి పలక తెప్పించి పైన "కీర్తిశేషులు రాజ్యం గారి జ్ఞాపకార్థం" అని చెక్కించాలని ముందే అనుకున్నాడు. ఇప్పుడు దాని కింద చెక్కించాలని బిందుమాధవి లెక్క గురించి ఇంకో వాక్యం వచ్చి చేరింది.

మే నెలకే శాస్త్రవేత్తల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ మెలిక విశ్వం పుట్టినప్పటిది కాకపోవచ్చు, మన పాలపుంతలోనే ఉన్న దుమ్ము నుంచి వచ్చి ఉండొచ్చు అన్నారు కొందరు. బిందుమాధవి సెలవు పెట్టి ఊరికి వచ్చింది.

"పెదనాన్నా, ఇంకో టెలిస్కోపు వాళ్లు చూస్తున్నారు. వాళ్లు చెప్పిందాకా ఆ వాక్యం ఆపండి. ఒక్క ఏడాది."

"ఏడాదా? ఎన్నికల కోడ్ అని ఇప్పటికే ఆపాం. జూన్‌లో మీ పెద్దమ్మ సంవత్సరీకం. ఆ లోపల గది తెరవాల. అది దాటితే ఆషాఢం, ఆ వెనకే మౌఢ్యం. శూన్యమాసంలో రాయి నిలబెడతానా?"

"గది తెరవండి. వాక్యం ఒక్కటే ఆపండి."

"రాయి ఒకసారే చెక్కుతారమ్మాయ్. నిలబెట్టాక దింపి చెక్కించరు. అయినా ఏందీ అనుమానం? దుమ్మంటావా? దుమ్ము ఎక్కడ లేదు! దులిపి చూడమను వాళ్లని."

అరుగు మీద చేరిన మగవాళ్లంతా నవ్వారు. బిందుమాధవి కూడా కొంచెం నవ్వింది. లోపల ఎక్కడో ఆమెకూ ఆశ ఉంది, దుమ్ము కాకూడదని. ఆ ఆశ వల్లే ఇంకొంచెం గట్టిగా చెప్పలేకపోయింది. జూన్‌లో మంచి రోజు చూసి రాయి నిలబెట్టారు. నల్లటి పలక మీద బంగారు రంగు అక్షరాలు: "విశ్వం పుట్టిన తొలి క్షణంలో ఎలా ఉబ్బిందో లెక్క కట్టి నిరూపించిన మన ఊరి ఆడపడుచు డాక్టర్ బిందుమాధవి." ఆ రోజు ఆమెకు కప్పిన శాలువాలు ఇరవై మూడు. మూడు ఊళ్ల సర్పంచులు వచ్చారు. బుల్లయ్య తన వర్గం మనుషులతో వచ్చి దండ వేశాడు. నీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టాలన్నదాని మీద నాలుగేళ్లుగా మాట్లాడుకోని రెండు వర్గాలు ఆ పూట ఒకే పందిట్లో కూర్చుని భోంచేశాయి.

మరుసటి ఏడాది మొదట్లోనే తేలిపోయింది. దుమ్మే. టెలిస్కోపు వాళ్లు తమ ప్రకటన తామే వెనక్కి తీసుకున్నారు. అక్కడితో ఆగలేదు. ఏటేటా చూపు పదునెక్కింది. 2021కి ఆ మెలిక ఉంటే గింటే సున్నా పాయింటు సున్నా మూడు ఆరు దాటదన్నారు. బల్లపరుపు మెట్టలు నిలిచాయి. మూకుళ్లు పోయాయి, అంచు దగ్గర వంపు ఉన్నదానితో సహా. బిందుమాధవి వ్యాసానికి వచ్చిన చివరి పదిహేడు ప్రస్తావనలూ ఒకే తీరు వాక్యంలో ఉన్నాయి: ఇటువంటి నమూనాలు ఇక పరిశీలనకు నిలవవు.

అందులో అవమానం లేదని ఆమెకు తెలుసు. వాలు ఊహించడం, అంకె చెప్పడం, ఆకాశం ఆ అంకెను కొట్టేస్తే ఒప్పుకోవడం, ఆ పని తీరే అది. ఆమె గురువుగారు ఫోన్ చేసి "తప్పని తేలగలిగిన లెక్క చేశావు, అదే గొప్ప" అన్నారు. నిజమే. కానీ ఆ గొప్ప రాతి మీద లేదు. రాతి మీద ఉన్నది వేరే. కాలేజీలో వారానికి ఇరవై రెండు పీరియడ్లు, రికార్డులు, ఇంట్లో పని. మళ్లీ కొత్త వాలు పట్టుకుని కూర్చునే తీరిక ఆమెకు దొరకలేదు. పరిశోధన పేరుతో ఒక కాగితం ముట్టుకుని పదేళ్లయింది.

ఊరికి చెప్పలేదా అంటే చెప్పింది. నాలుగు సార్లు చెప్పింది. "పెద్దోళ్ల పని అంటే అట్టానే, ఒకడు ఔనంటాడు ఒకడు కాదంటాడు" అన్నారు. "నీకు దిష్టి తగిలింది" అన్నారు. తర్వాత ఆమే ఊరుకుంది. రాయి బడిలో ఒక మూల ఉంది, ఎవరు చదువుతారులే అనుకుంది.

చదివే మనిషి ఒకతె ఉంది. అన్విత, పదో తరగతి. పోయిన డిసెంబరులో జిల్లా సైన్స్ ఫెయిర్‌కు ఆ పిల్ల 'విశ్వం ఎలా ఉబ్బింది' అని చార్టు గీసుకుని గుంటూరు వెళ్లింది. మూకుడు బొమ్మ, పక్కన సున్నా పాయింటు ఒకటి నాలుగు, కింద "నిరూపించబడినది". న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన ఇది తప్పమ్మా, ఎప్పుడో కొట్టేశారు అన్నాడు. అన్విత వెనక్కి తగ్గలేదు. "మా బడిలో రాతి మీద ఉంది సార్" అంది. పక్కన నిలబడ్డ వేరే బడుల పిల్లలు పగలబడి నవ్వారు.

ఈ సంగతి హెడ్‌మిస్ట్రెస్ బాలత్రిపురసుందరి ఫోన్ చేసి చెప్పింది. ఆ ఆదివారమే బిందుమాధవి తూర్పుపాలెం వచ్చింది. అన్విత సైన్సు గది ముందు నిలబడి ఉంది.

"మేడం, రాయి అబద్ధమా?"

"అబద్ధం కాదమ్మా. అప్పుడు అట్టా అనుకున్నాం. తర్వాత కాదని తేలింది."

"తేలినప్పుడు ఎందుకు మార్చలేదు మేడం?"

బిందుమాధవి పలక వైపు చూసింది. అక్కడి నుంచే తిన్నగా పలక చెక్కిన మీరా హుస్సేన్ కోసం కబురు పంపింది. అతను వచ్చి వేలితో అక్షరాల లోతు చూశాడు.

"పావంగుళం దిగింది మేడం గారూ. చెరపాలంటే పలక మొహం మొత్తం అరగదీయాల. అప్పుడు పైన అమ్మగారి పేరూ పోద్ది."

"ఈ ఒక్క వరసలో లప్పం పెట్టి నల్లరంగు వేస్తే?"

"రెండు వానలకు ఊడిద్ది. ఊడినప్పుడు ఇంకా తెల్లగా కనపడిద్ది. కొత్త పలక చెక్కమంటే చెక్కుతా."

కొత్త పలక మాట అంకమ్మరావు దగ్గర ఎత్తింది. ఆయనకు ఎనభై మూడు. రెండు కళ్లకూ చూపు తగ్గింది. వసారాలో మంచం మీద కూర్చుని విన్నాడు.

"దించమంటావా?" అన్నాడు చివరికి. "మీ పెద్దమ్మను ఒకసారి ఈ చేతులతో పాడె మీంచి దించా. రెండోసారి దించమంటావా?"

అప్పుడే వచ్చిన బుల్లయ్య వాకిట్లో నుంచే అందుకున్నాడు. "అంకయ్యా, దించితే ఊరుకోనురా! పక్క ఊళ్లోళ్లు ఏమనుకుంటారు? తూర్పుపాలెం వాళ్లు రాయి వేసి పీక్కున్నారంటారు. ఏమ్మా, చదువుకున్నదానివి, నీకు ఊరి పరువు పట్టదా?"

బుద్ధెరిగాక ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది ఇదే మొదలు. బిందుమాధవి ఎటు చూసినా గోడే. అన్విత గుంటూరులో ఎలా నిలబడిందో చెప్పింది. అంకమ్మరావు కళ్లు తుడుచుకున్నాడు. "ఆడపిల్లను నవ్వారా, వెధవలు" అన్నాడు. కానీ రాయి దింపుతానని అనలేదు.

చివరికి ఆమె ఒక దారి చూపింది. పలక అడుగున నాలుగు వేళ్ల చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఒక్క వాక్యం చెక్కిద్దాం అంది. దానికి ఆయన ఒప్పుకున్నాడు. ఆమె కాగితం మీద రాసి ఇచ్చింది: "తర్వాతి పరిశీలనల్లో ఈ లెక్క నిలబడలేదు." తేదీ కూడా వేసింది. ఆ కాగితం ఆయన చొక్కా జేబులో పెట్టుకుని పైన చెయ్యి వేసుకున్నాడు. పదేళ్లలో మొదటిసారి ఆమె బస్సులో తేలిగ్గా నిద్రపోయింది.

మర్నాటి నుంచి ఆమెకు ఒంగోలులో పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. పన్నెండు రోజులు. రోజూ సాయంత్రం మీరా హుస్సేన్‌కు ఫోన్ చేసేది. "అయిపోతంది మేడం గారూ" అనేవాడు. పదకొండో రోజు "చెక్కడం అయిపోయింది, చాలా బాగా వచ్చింది. రంగు ఒక్కటే మిగిలింది" అన్నాడు.

డ్యూటీ అయ్యాక ఆమె ఇంటికి కూడా వెళ్లలేదు. సంచీతోనే బడికి వచ్చింది. పలకకు బంతిపూల దండ వేసి ఉంది. పక్కనే కుర్చీలో ఉతికిన పంచె, ఖద్దరు చొక్కా తొడుక్కుని అంకమ్మరావు. ఆమె అడుగుల చప్పుడు గుర్తుపట్టి లేచాడు.

"రా అమ్మాయ్, రా. చదువు."

పలక అడుగున కొత్త బంగారు రంగు ఇంకా తడి ఆరలేదు. "ఆ లెక్కకు మరింత మెరుగులు దిద్దుతూ నేటికీ విశ్వ పరిశోధనలో నిమగ్నమై ఉన్నారు."

ఆమె రెండుసార్లు చదివింది.

"నువ్వు రాసింది చదివించుకున్నానమ్మా" అన్నాడాయన, గొంతు తగ్గించి. "సుందరి మేడమే చదివింది. 'నిలబడలేదు' అని రాతి మీద ఎట్టా రాయిస్తాం? పైన మీ పెద్దమ్మ పేరుంది. చనిపోయినామె పేరు కింద 'లేదు' అన్న మాట చెక్కకూడదు. ఇంటికి అరిష్టం. మీరా హుస్సేన్ కూడా అదే అన్నాడు, యాభై ఏళ్లలో తను ఏ పలక మీదా ఆ మాట చెక్కలేదంట. అందుకని అదే అర్థం వచ్చేటట్టు మంచిగా రాయించా. లెక్కలో లోపం ఉంది, దిద్దుతున్నావు. అంతేగా?"

ఆయన చెయ్యి పలక మీద పాకింది. పై వరసలో రాజ్యం అన్న అక్షరాల మీద ఆగింది. అవి ఆయన వేళ్లకు కంఠతా వచ్చు. తర్వాత మెల్లగా కిందికి దిగి కొత్త వరస దగ్గర తడుముకుంది.

"బాగుందా?"

బిందుమాధవి పలక అడుగు చూసింది. అక్షరాల కింద ఇప్పుడు వేలు పట్టే చోటు కూడా లేదు.

"అక్షరాలు బాగున్నాయి పెదనాన్నా" అంది.

అన్నాల బెల్లు మోగింది. పిల్లలు బిలబిలా బయటికి వచ్చారు. అందరికంటే ముందు అన్విత. ఆ ఆదివారం అడిగి వెళ్లాక ఆ పిల్ల ఈ గది వైపు చూడలేదని సుందరి మేడం చెప్పింది. ఇప్పుడు పలక ముందు ఆగి కొత్త వరస పెదవులు కదుపుతూ చదువుకుంది. మొహం విచ్చుకుంది.

"మేడం! అయితే మీరు కొత్త లెక్క చేస్తున్నారా?"

"చేస్తంది" అన్నాడు అంకమ్మరావు. "చేయకపోతే రాతి మీద ఎందుకు రాస్తాం? చెప్పమ్మా బిందూ, పిల్లకు చెప్పు. ఈసారి వాలు ఎట్టా ఉందో."

బిందుమాధవి నోరు తెరిచింది. చేయడం లేదన్న మాట ఈ పిల్ల ముందు, ఈ ముసలాయన ముందు, ఆరని రంగు ముందు అనాలి. చేస్తున్నానంటే పదేళ్ల కిందట ఫోనులో అన్న మాట లాంటిదే మళ్లీ ఒకటి అనాలి.

అన్విత అన్నానికి పోలేదు. సంచీలో నుంచి నోటుపుస్తకం తీసి, మోకాలి మీద పెట్టుకుని, పెన్ను మూత నోట కరుచుకుని, రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది.